జాయిస్ గారి ప్రైవేటు సెక్రెటరీ

జగ్గయ్యపేట నుంచి నందిగామ దాకా హైవే పొడుగునా ఎవర్నైనా ఆపి అడగండి, ప్రేమదాసు మాటకి తిరుగుందా అని. లేదంటారు. నేను పట్టిన వ్యవహారం ఒక్కటి చెడలేదు. నేనిచ్చిన సలహా ఒక్కరు కాదనలేదు. చదివింది ఊళ్ళో బడి, అదీ ఏడో తరగతి. అయితేనేం, ఈ చుట్టుపక్కల 'ప్రైవేటు సెక్రెటరీ' అని కార్డు కొట్టించుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. కార్డులు అచ్చువేసే జగ్గయ్యపేట ఆయనకి కూడా అనుమానం వచ్చింది.

"సెక్రెటరీ అంటే పంచాయతీ సెక్రెటరీయా పెద్దాయనా?"

"కాదు నాయనా. కొత్త మెషిన్లు కనిపెట్టేవాళ్ళకి ఉంటారు. వాళ్ళు మెషిన్లు కనిపెడతారు, మేం వచ్చేపోయేవాళ్ళని కనిపెట్టుకుని ఉంటాం."

మా కనిపెట్టే మనిషి పేరు జాయిస్. ముప్ఫై దాటింది. చిల్లకల్లు దగ్గర సర్వీసు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో వెల్డింగ్ షాపు నడుపుతోంది. ఐటీఐలో ఆ పని నేర్చుకునేటప్పుడు క్లాసు మొత్తానికి ఆడపిల్ల తనొక్కతే. చేతిలో పని బంగారం, నోట్లో మాట గ్యాసు మంట. ట్రాలీ విరగ్గొట్టుకుని వచ్చిన రైతు కాస్త తొందరపెడితే, "విరగ్గొట్టింది మీరు, తొందర నాకెందుకండి?" అంటుంది. 'అండి' ఉంటుంది గానీ దాని వల్ల ఎదుటివాడికి ఒరిగేదేం లేదు.

నేను కాటా దగ్గర పనిచేసి మానేసినవాణ్ణి. లోడు లారీల్ని తూచే కాటా. డ్రైవర్లతో అరిచీ అరిచీ గొంతు బాగా సాగిన మనిషిని. ఒకరోజు టీ తాగుదామని షెడ్డు దగ్గర ఆగితే జాయిస్ ఫోను నా చేతిలో పెట్టింది.

"తాతా, ఇది నువ్వెత్తు. నేనెత్తితే కొనేవాడు కూడా పారిపోతున్నాడు."

అలా చేరా ఉద్యోగంలో.

ఇంతకీ ఆవిడ చేసిన మెషిన్ సంగతి చెప్పాలి. మా మెట్ట పొలాల్లో సుబాబుల్ తోటలు ఎక్కువ. ఆ కర్ర పేపరు మిల్లుకి పోద్ది. చెట్టు కొట్టాక పచ్చిమీదే తొక్క తీసెయ్యాలి. ఆరిందా, అతుక్కుపోద్ది, ఇక దేవుడు దిగొచ్చినా ఊడదు. అందుకని ఆడవాళ్ళు ముఠాలుగా ఎండలో కూర్చుని కత్తుల్తో తొక్క తీస్తారు. జాయిస్ వాళ్ళమ్మ ఆరోగ్యమ్మ సగం జీవితం ఆ పనే చేసింది. ఇప్పుడావిడ పిడికిలి పూర్తిగా మూసుకోదు. చర్చిలో ప్రార్థనకి చేతులు జోడిస్తే మధ్యలో పిట్ట దూరేంత సందు ఉంటుంది.

ఆ సందు చూసే జాయిస్ మెషిన్ మొదలెట్టింది. ఒక మోటారు, రెండు ఇనప రోలర్లు, ఆ రోలర్ల మీద వెల్డింగుతో పోసిన గట్టు గట్టుల పళ్ళు. ఇటు పచ్చికర్ర దూరుస్తే అటు ఒలిచిన ముంజకాయలా తెల్లగా వస్తుంది. తిప్పిన మొదటిరోజు అది ఎంత జోరుగా లాగిందంటే, కర్రతో పాటు నా పంచె కూడా లాక్కుని, దానికీ తొక్క తీసి అవతల పారేసింది. గోనెసంచి చుట్టుకుని ఇంటికెళ్ళా. ఆరోగ్యమ్మ నవ్వి నవ్వి గోడకి జారగిలబడింది.

పేటెంటుకి దరఖాస్తు పెట్టాం. అది రావడానికి ఏళ్ళు పడుతుందట. ఈలోగా సంగతి నందిగామ దాకా పాకింది. అక్కణ్ణుంచి సతీష్‌బాబు వచ్చాడు.

సతీష్‌బాబుకి నందిగామలో వ్యవసాయ పనిముట్ల షోరూము ఉంది, 'వెల్‌టిల్ ఆగ్రో' అని. మడత నలగని తెల్లచొక్కా. నోరు తెరిస్తే "తల్లీ", "అమ్మా" తప్ప రావు. వస్తూ వస్తూ పూలదండ, కొబ్బరికాయ తెచ్చాడు.

"కొత్త మెషిన్ కదా, కాయ కొట్టారా ప్రేమదాసుగారూ?"

"మేం పాస్టరు గారితో ప్రార్థన చేయించుకున్నామండి. మీరు తెచ్చారుగా, మీ చేత్తో మీరు కొట్టండి."

మర్యాద కోసం అన్నా. ఇంటికొచ్చిన మనిషి కాయ పట్టుకుని నిలబడితే ఏమనాలి మరి? ఆయన దండ వేశాడు, కాయ కొట్టాడు, మెషిన్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆయన డ్రైవరు ఫోను తీసి ఫోటో కొట్టాడు. జాయిస్ అప్పుడు షెడ్డు వెనకాల చేతులు కడుక్కుంటోంది.

మా వైపు ఒక పద్ధతుంది. ఏ చట్టంలోనూ ఉండదు గానీ అందరికీ తెలుసు. కొత్త ట్రాక్టరైనా, బోరైనా, బియ్యం మిల్లయినా, మొదటి కాయ ఎవడు కొడితే వాడిదే అది. కొట్టినాయన ఫోటో చూశాక ఇంకెవరూ యజమాని ఎవరని అడగరు. కాటా దగ్గర అన్నేళ్ళు కూర్చుని ఎన్ని కొత్త లారీలకి చూళ్ళేదు నేను! అయినా ప్రార్థన మాది, కాయ వాళ్ళది, ఏముందిలే అనుకున్నా.

తెల్లారేసరికి ఆ ఫోటో వాట్సాప్‌లో ఊరూరా తిరిగింది. 'వెల్‌టిల్ వారి సుబాబుల్ తొక్క మెషిన్' అట. ఫోన్లన్నీ నందిగామకి పోతున్నాయి. మాకొచ్చిన ఒకే ఒక్క ఫోను, "నందిగామ సతీష్‌బాబు గారి నంబరుందాండి?" అని.

జాయిస్ ఫోటో చూసింది. వెల్డింగ్ కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టింది.

"తాతా, కాయ కొట్టమన్నదెవరు?"

"కాయ ఆయనే తెచ్చుకున్నాడమ్మా."

"తెచ్చుకున్నది ఎవరని అడగలా. కొట్టమన్నదెవరు?"

"మర్యాద…"

"మర్యాదకి టీ ఇస్తారు తాతా. నువ్వు మెషిన్ ఇచ్చావు."

నేను పట్టిన వ్యవహారం ఒక్కటి చెడలేదని మొదట్లో అన్నానా? ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. నా సలహా ఎవరూ కాదనలేదన్నది కూడా తీసుకుంటున్నా. అసలు జాయిస్ నా సలహా విన్న రోజు ఒక్కటి లేదు. ఎర్ర రంగు వెయ్యమంటే వెయ్యలేదు, చక్రాలు పెట్టమంటే పెట్టలేదు, కాస్త నవ్వు మొహం పెట్టమంటే నన్నే బయటికి పొమ్మంది. ఆ రెండు గొప్పలూ పోయాక నాకు మిగిలింది కార్డొక్కటే. అదన్నా నిజం, జేబులో ఉంది.

ఇద్దరం బస్సెక్కి నందిగామ వెళ్ళాం. సతీష్‌బాబు ఏసీ గదిలో కూర్చోబెట్టాడు, కూల్‌డ్రింకులు తెప్పించాడు. ఫోటో సంగతి జాయిస్ ఎత్తేలోపలే ఆయనే ఎత్తాడు.

"మా డ్రైవరు తొందరపడి పెట్టాడు తల్లీ. కానీ చూడు, ఎంత మంచయిందో! ఎన్ని ఫోన్లు! నువ్వు చెయ్యి, నేను అమ్ముతా. నీకు రావాల్సింది నీకొస్తుంది. మెషిన్ మీద మాత్రం వెల్‌టిల్ పేరే ఉంటుంది."

"చేసింది నేనుగదండి."

"చేశావు. ఎవరు కాదన్నారు? కానీ ఆడపిల్ల చేసిన మెషిన్ అంటే రైతు బేరం దగ్గరే ఆగిపోతాడు. అందులోనూ…"

ఆగాడు.

"అందులోనూ ఏంటండి?"

"ఏం లేదమ్మా. ఆ పేరు కూడా… మన రైతులకి నోరు తిరగదు."

"జాయిస్‌కి తిరగని నోరు వెల్‌టిల్‌కి తిరుగుద్దాండి?"

గది ఇంకాస్త చల్లబడింది. సెక్రెటరీ అన్నవాడు ఇలాంటప్పుడే కదా పనికిరావాలి. గొంతు సవరించుకున్నా.

"పోనీ సతీష్‌బాబు గారూ, పెద్దక్షరాల్లో మీ పేరు వేసుకోండి. మా పిల్ల పేరు ఎక్కడో ఒకచోట చిన్నగా ఉండనివ్వండి."

ఆయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే, మీరు పెద్దవారు, అడిగారు. వేసుకో తల్లీ. కనపడని చోట వేసుకో."

జాయిస్ లేవబోయి మళ్ళీ కూర్చుంది. మొహంలో ఏదో మారింది. అది నవ్వని నాకు తెలియలేదు, అప్పటిదాకా నేను చూడలేదు కదా.

"మెషిన్ మీద ఎక్కడా కనపడకూడదు. అంతేనాండి?"

"అంతే."

"ఆ చోటు ఎక్కడన్నది నా ఇష్టమేనా?"

"నీ ఇష్టమే తల్లీ, నీ ఇష్టమే. వచ్చేవారం ఇక్కడ రైతుల్ని పిలుస్తున్నా. మెషిన్ పంపించు, తిప్పి చూపిద్దాం."

తిరుగు బస్సులో నా ఆనందం చెప్పనలవి కాదు. "చూశావా, నా మాటతో ఎలా కుదిరిందో" అని దారంతా నేనే మాట్లాడా. జాయిస్ కిటికీలోంచి కర్ర లారీల్ని చూస్తూ కూర్చుంది. సగం దారి వచ్చాక అడిగింది.

"తాతా, మన చర్చిలో ఫ్యాను రెక్క మీద మీ నాన్న పేరుంది కదా."

"ఉంది. దాత అని రాయించా. ఎర్రక్షరాలు."

"అది ఫ్యాను ఆగితేనే కనపడుద్ది. తిరిగితే పోద్ది. నా పేరు తిరిగితేనే కనపడాలి."

అర్థం కాలేదు గానీ అయినట్టు తలూపా. అది సెక్రెటరీ ఉద్యోగంలో సగం పని.

మర్నాడు షెడ్డుకెళితే ఆరోగ్యమ్మ తలదువ్వుకునే అద్దం వెల్డింగ్ బల్ల మీద ఉంది. జాయిస్ కొత్త రోలరు పెట్టుకుని, అద్దంలోకి చూస్తూ దాని మీద సుద్దతో అక్షరాలు రాస్తోంది. 'జాయిస్', పక్కన 'జాయిస్', కింద మళ్ళీ 'జాయిస్'. అన్నీ తిరగేసి. రోలరు చుట్టూ ఎక్కడా ఖాళీ లేదు. ఆ సుద్ద గీతల మీదే వెల్డింగ్ రాడ్డుతో గట్టు పోస్తోంది.

"ఇదేంటమ్మా? పళ్ళు పోయాల్సిన చోట పేరు పోస్తున్నావు?"

"పేరే పళ్ళు తాతా."

అప్పుడెక్కింది నా బుర్రకి. తొక్కని కొరికేది ఆ గట్లే. గట్లే పేరైతే, మెషిన్ తిరిగినంతసేపూ కర్ర మీద పేరు పడుతూనే ఉంటుంది. రేకు బిళ్ళయితే స్క్రూ విప్పుతారు, రంగయితే గీకుతారు. దీన్ని తీస్తే మెషినే లేదు.

మొదటి రోలరు మీద ఒక వరస తిరగెయ్యడం మర్చిపోయింది. కర్ర మీద అది తలకిందుల అరవంలా పడింది. "బాగుందమ్మా, మద్రాసులో కూడా అమ్మొచ్చు" అన్నా. రాడ్డు ముక్క విసిరింది, తప్పుకున్నా. రెండో రోలరు సరిగ్గా కుదిరింది. ఇంకో లాభం కూడా కనిపించింది. ఇదివరకు నిలువు గట్లున్నప్పుడు తొక్క పొడుగాటి పేలికల్లా ఊడి రోలరుకి చుట్టుకునేది, గంటకోసారి మెషిన్ ఆపి కోసి పడెయ్యాల్సి వచ్చేది. మన అక్షరాలన్నీ వంకరలే కదా. ఆ వంకరలకి తొక్క ముక్కలై రాలిపోతోంది.

ఆరోగ్యమ్మ వచ్చి తెల్లకర్ర మీద అక్షరాల్ని మూసుకోని ఆ చేత్తో తడిమింది. "మేం ఎన్ని కర్రలు ఒలిచామే! ఒక్క దాని మీద కూడా ఎవరు ఒలిచారో లేదు" అంది. టీ పెట్టడానికి వెళ్ళింది.

నందిగామలో షోరూము వెనక ఖాళీ స్థలంలో షామియానా వేశారు. పరిటాలలో కొండంత ఎత్తున నిలబడ్డ ఆంజనేయస్వామి కూడా తల తిప్పి చూసేంత ఫ్లెక్సీ కట్టారు, దాని నిండా సతీష్‌బాబు దండం పెడుతూ ఉన్నాడు. ముందురోజు పంపిన మా మెషినుకి వెల్‌టిల్ రంగు పూశారు. రైతులు చాలామందే వచ్చారు. ముందు కుర్చీలో బసవమ్మ గారు కూర్చున్నారు. వేదాద్రి వైపు ఆవిడకి పెద్ద సుబాబుల్ తోట. ఆవిడ కొంటే తక్కినవాళ్ళు కొంటారని సతీష్‌బాబు ఆవిడకి విడిగా మజ్జిగ తెప్పించాడు.

"నువ్వు వెనక కూర్చో తల్లీ. మా మెకానిక్ తిప్పుతాడు" అన్నాడు జాయిస్‌తో. జాయిస్ చివరి వరసలో నా పక్కన కూర్చుంది. తన సంచిని ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకుంది. పిల్లకి భయపడడం కూడా వచ్చని అప్పుడే తెలిసింది నాకు.

కాయ మళ్ళీ ఆయనే కొట్టాడు. మోటారు వేశారు. మెకానిక్ పచ్చికర్ర ఒకటి దూర్చాడు. తొక్క చిటపటా రాలింది. కర్ర తెల్లగా అవతలికొచ్చింది. జనం చప్పట్లు కొట్టారు.

బసవమ్మ గారు కొట్టలేదు. కర్ర దగ్గరికి తెప్పించుకుని కళ్ళజోడు పెట్టుకున్నారు.

"జాయిస్ జాయిస్ జాయిస్ జాయిస్… ఇదేంటయ్యా సతీష్‌బాబూ, కర్రంతా జాయిస్ అని ఉంది?"

రెండో కర్ర వచ్చింది. దాని మీదా అంతే. సతీష్‌బాబు మొహం ఒక్క క్షణం వెలవెలబోయింది. అయితే వ్యాపారస్తుడు కదండీ, తేరుకోవడం తెలుసు.

"అది మోడల్ పేరండి! వెల్‌టిల్ జాయిస్ మోడల్!"

జాయిస్ లేచింది. కుర్చీ వెనక్కి పడింది.

"మోడల్ కాదండి, మనిషిని. జాయిస్ అంటే నేనే. ఆ మెషిన్ చేసింది నేను."

జనం మొత్తం వెనక్కి తిరిగారు. జాయిస్ నడుచుకుంటూ ముందుకెళ్ళింది, వెనకే నేను. సతీష్‌బాబు గొంతు తగ్గించి పళ్ళ సందునుంచి మాట్లాడాడు.

"ఇది మోసం."

"కనపడని చోట వేసుకోమన్నారు. వేసుకున్నా. మెషిన్ చుట్టూ తిరిగి చూడండి, ఎక్కడన్నా కనపడుద్దేమో."

"విప్పరా మూత. గీకెయ్" అన్నాడు మెకానిక్‌తో.

జాయిస్ తన సంచిలోంచి ఇనుము అరగదీసే గ్రైండరు తీసి ఆ మెకానిక్ చేతిలో పెట్టింది. "గీకన్నా. నేను అడ్డం రాను."

అతనిది కోదాడ. మూత విప్పి లోపలికి వంగి చూశాడు. రోలరు తిప్పి చూశాడు. గ్రైండరు కింద పెట్టేశాడు.

"గివే పండ్లు సార్. గివి గీకితే తొక్క దేంతోని తీస్తది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. సతీష్‌బాబు నా వైపు తిరిగాడు. "ప్రేమదాసుగారూ, మీరు పెద్దమనిషి. మీరన్నా చెప్పండి ఆ పిల్లకి."

ఆయన చేతిలో ఇంకా సగం కొబ్బరిచిప్ప ఉంది. దాన్ని చూశా.

"నేను సెక్రెటరీనండి. మా జాయిస్ గారు ఏం చెబితే అదే నా మాట."

'గారు' అన్నది అప్పుడే మొదలు. నలుగురిలో ఉన్నప్పుడు ఇప్పటిదాకా మానలేదు.

"ఈ రోడ్డు మీద ఒక్క డీలరు నీ మెషిన్ ముట్టుకోడు, గుర్తుపెట్టుకో" అన్నాడు సతీష్‌బాబు. తల్లీ, అమ్మా అన్నీ ఎగిరిపోయాయి.

"ముట్టుకోకపోవడం మాకు కొత్తాండి?" అంది జాయిస్. అరవలేదు. అందరికీ వినపడింది. "మా షెడ్డు హైవే మీదే ఉంది. కావలసినవాళ్ళు వస్తారు. ఇక్కడే తిప్పి చూపించమంటే చూపిస్తా, ఎవరైనా ఏ కర్రన్నా తెచ్చి పెట్టండి."

రైతులు కాసేపు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ కాసేపూ నాకు కాటా మీద లారీ ఊగుతూ ముల్లు నిలబడని క్షణంలా ఉంది. అప్పుడు బసవమ్మ గారు మజ్జిగ గ్లాసు పక్కన పెట్టారు.

"ఏమ్మాయ్, వచ్చే నెల మా తోట కొట్టిస్తున్నా. మెషిన్ తోలుకొస్తావా?"

"తోలుకొస్తానండి. తిప్పేది మాత్రం మా అమ్మ ముఠా ఆడవాళ్ళే."

"ఎవరు తిప్పితే నాకేం, తొక్క రావాలిగానీ. కానీ నా కర్ర మీద నీ పేరేంటి? పేరు లేకుండా రాదా?"

"రాదండి."

"మిల్లోళ్ళు అడిగితే ఏం చెప్పను?"

"జాయిస్ ఒలిచిందని చెప్పండి."

బసవమ్మ గారు కళ్ళజోడు తీసి ఆ పిల్లని కింద నుంచి పైదాకా చూశారు. "నీ పొగరు తగలెయ్య! తోలుకురా."

మెషిన్‌ని ఆ సాయంత్రమే మా ట్రాలీ మీద తెచ్చుకున్నాం. వెల్‌టిల్ రంగు అలాగే ఉంచింది జాయిస్. "గీకడం దండగ, పనిచేస్తుంటే అదే ఊడుద్ది" అంది. అది నిజమే, వేదాద్రి తోట పూర్తయ్యేసరికి సగం ఊడింది. డీలర్లు నిజంగానే ముట్టుకోలేదు. రైతులు షెడ్డుకే వస్తున్నారు, ఆవిడతో తిట్లు తిని మరీ మెషిన్ కోసం వరసలో తమ పేరు రాయించుకుని పోతున్నారు. ఇప్పుడు ఈ హైవే మీద మిల్లుకి పోయే కర్ర లారీ మీకు ఎదురొస్తే, వెనక చివర్లు కాదు, పక్క నుంచి చూడండి, కర్ర కర్ర మీదా ఆవిడ పేరే.

సతీష్‌బాబు ఊరుకున్నాడా? ఊరుకోలేదు. మెషిన్‌ని చూసి అలాంటిదే ఒకటి చేయించి, రోలరు మీద తన కంపెనీ పేరు ఇంగ్లీషులో పోయించాడు. ఆ ఇంగ్లీషు అక్షరాలు చూడండి, డబ్ల్యూ, ఇ, ఎల్, టి, ఐ, అన్నీ గీతలే, ఒక్క వంకర లేదు. ఇంకేముంది, తొక్కంతా పేలికలై రోలరుకి చుట్టుకుని, మెషిన్ దారపు ఉండలా తయారై, షోరూము గుమ్మం దాటి దొర్లుకుంటూ హైవే మీదకొచ్చి, కంచికచర్ల దాకా ట్రాఫిక్ ఆపేసింది.

ఈ చివరి ముక్క నేను కల్పించింది. ఆయన అలాంటి రోలరు చేయించనూ లేదు, ట్రాఫిక్ ఆగనూ లేదు. షోరూములో తన పనేదో తను చేసుకుంటున్నాడు, నేను కనపడితే మొహం తిప్పుకుంటాడు. తక్కిందంతా జరిగిందే. పంచె సంగతి కూడా, కావాలంటే ఆరోగ్యమ్మని అడగండి. ఇది చదివి వినిపిస్తే జాయిస్ గారు, "ఆ ముక్క కొట్టెయ్ తాతా. గెలిచాక కూడా అబద్ధం కావాలా మనకి?" అంది.

కొట్టెయ్యలేదు. బాగుంది కదండీ మరి.